కార్చిచ్చులో దెబ్బతిన్న చిన్న వైనరీకి గుణుపురంలో ఉండి ఏం చేయగలం?

గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "మా పిన్ని కూతురు కాలిఫోర్నియాలో స్థిరపడింది. అత్తవారిది నాపా వైపు కొండ మీద పద్నాలుగు ఎకరాల ద్రాక్షతోట, వైన్ తయారుచేసే చిన్న వైనరీ. మామగారు, భర్త, తనూ, ఇద్దరు పనివాళ్లు, అంతే. కార్చిచ్చు వచ్చి తోటలో కొంత, గోడౌను కాలిపోయాయి. ఇల్లు మిగిలింది. బంధువులమంతా కలిసి మూడున్నర లక్షలు పోగు చేశాం. వెంటనే పంపేద్దామా? ఇంకేమైనా చేయగలమా? మన కొండల్లోనూ ఏటా నిప్పు పడుతుంది, పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేస్తారు. అంత టెక్నాలజీ ఉండి వాళ్లెందుకు ఆర్పలేకపోయారు?"

తమ్ముడూ, నాది పర్లాకిమిడి. బరంపురం యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివి, తిరిగి తిరిగి 2008లో నాపా పక్కనే ఉన్న సోనోమా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక వైనరీ ల్యాబ్‌లో చేరాను. 2021లో ఇంటికి వచ్చేశాను. మధ్యలో 2017, 2019, 2020 మంటలు మూడూ చూశాను. వైనరీలో పనిచేశానంటే మన ఊళ్లో ఇప్పటికీ "అమెరికాలో వైన్ షాపు పెట్టాడట" అంటారు. మనకి వైన్స్ అంటే బ్రాందీ కొట్టే కదా. మీ పిన్నిగారు కూడా ఊళ్లో "ద్రాక్షతోట" అని చెప్పి ఊరుకుని ఉంటారు. అబద్ధమేం కాదు, సగానికి సగం అది తోట పనే.

డబ్బు వెంటనే పంపేద్దామా అన్నదానికి నా జవాబు: అంతా వద్దు. ఎందుకో చెప్పాలంటే మన తిత్లీ తుఫాను సంగతి చెప్పాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను కాలిఫోర్నియాలో ఉన్నాను. గారబంద దగ్గర మా మామయ్యకి ఏడెకరాల జీడితోట. ఒక్క రాత్రిలో నాలుగెకరాలు నేలమట్టం. నేనూ నా స్నేహితులూ చందాలేసుకుని నెల తిరగకుండా పెద్ద మొత్తమే పంపాం. రెండు అట్టపెట్టెల నిండా స్వెట్టర్లు కూడా పంపాం, పర్లాకిమిడికి! ఆ డబ్బుతో మామయ్య ఇంటి రేకులు వేయించాడు, పడిన చెట్లు కోయించాడు, మిగిలింది ఇంటి ఖర్చులకి అయిపోయింది. అప్పుడు అందరూ పంపారు. ప్రభుత్వం ఇచ్చింది, చుట్టాలు ఇచ్చారు, ఎవరెవరో వచ్చి బియ్యం ఇచ్చి ఫొటో తీసుకుని వెళ్లారు. 2019 వానల్లో అంటుమొక్కలు నాటాడు. వాటికి మూడో ఏడు గానీ పిక్క కనపడదు. 2020 వేసవిలో లాక్‌డౌన్. 2021లో వడ్డీకి అప్పు చేశాడు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ ఏడాది ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. తిత్లీ ఎప్పుడో పోయింది కదా అనుకున్నాం.

తోట ఉన్నవాడికి విపత్తు ఆ ఒక్కరోజుది కాదు. చేతిలో సరుకు లేని రెండో ఏడు, మూడో ఏడు అసలు దెబ్బ. ద్రాక్షకైతే ఇంకా ఎక్కువ కాలం. కొత్త తీగ నాటితే మొదటి చిన్న కాపుకి మూడేళ్లు, నిండు కాపుకి నాలుగైదేళ్లు. ఆ పళ్లతో ఎర్ర వైన్ చేస్తే పీపాలో ఏడాదిన్నర, రెండేళ్లు, తర్వాత సీసాలో కొన్ని నెలలు. ఈ ఏడాది నాటిన తీగ నుంచి రూపాయి కళ్లజూడటానికి ఆరేళ్లు పడుతుందన్నమాట. మీ మూడున్నర లక్షల్లో మూడో వంతు ఇప్పుడు పంపండి. మిగతాది బ్యాంకులో డిపాజిట్ వేసి, వచ్చే ఏడాది ఒకసారి, ఆపై ఏడాది ఒకసారి పంపండి. చుట్టాల్లో ఎవరైనా "డబ్బు దగ్గర పెట్టుకున్నారేంటి" అని గొణిగితే మా మామయ్య కథ చెప్పండి.

ఇక ఎందుకు ఆర్పలేకపోయారు అన్నది. మన దగ్గర మాఘ ఫాల్గుణాల్లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాలుస్తారు, పోడుకి కాలుస్తారు, అది జారి కొండెక్కుతుంది. ఎండుటాకుల మీద నేల బారున పాకే నిప్పు అది. మోకాలి ఎత్తు మంట, అందుకే కొమ్మతో కొడితే ఆరుతుంది. అక్కడ శరదృతువులో ఈశాన్యం నుంచి డయాబ్లో గాలులని పొడి గాలులు వీస్తాయి. వర్షం పడి ఐదారు నెలలై ఉంటుంది. నిప్పురవ్వలు గాల్లో లేచి చాలా దూరంలో పడి కొత్త మంటలు రాజేస్తాయి. 2017 అక్టోబరు 8 రాత్రి మొదలైన టబ్స్ మంట తెల్లారేసరికి శాంటా రోసా ఊళ్లోకి వచ్చేసింది. 5 వేలకు పైగా కట్టడాలు పోయాయి, 22 మంది చనిపోయారు. ఆరు వరసల హైవే దాటి వచ్చింది ఆ నిప్పు. కొమ్మలు, టెక్నాలజీ రెండూ పనికిరావు దానికి.

ఆ అమ్మాయికి ఫోన్ చేసినప్పుడు "అంతా పోయిందా?" అని అడగకండి. ఏమేం పోయాయో విడివిడిగా చెప్పమనండి. తీగలా, గోడౌనులోని సరుకా, చెట్టు మీది పళ్లా, లేక తోట చూడటానికి వచ్చే జనమా. ఒక్కో నష్టానికి ఒక్కో రకం సాయం కావాలి.

తీగల సంగతి మనవాళ్లకి చప్పున అర్థమవుతుంది. ద్రాక్షతోట నిజానికి అడవిలా మండదు. తీగలో నీరుంటుంది, వరసల మధ్య గడ్డి కోసి ఉంటుంది, అందుకే చాలాచోట్ల మంట తోట అంచుదాకా వచ్చి ఆగిపోయింది. అంచు వరసలు మాడతాయి, చెక్క గుంజలు కాలతాయి, డ్రిప్ పైపులు కరిగిపోతాయి. మాడిన తీగ చచ్చినట్టు కనిపిస్తుంది గానీ చావకపోవచ్చు. జీడిచెట్టు బెరడు గోరుతో గీకి చూసినట్టే గీకి చూడాలి, లోపల పచ్చగా ఉంటే ఆశ ఉన్నట్టు. తొందరపడి పీకేయకుండా వసంతంలో చిగురు వచ్చేదాకా ఆగాలి. చిగురు ఎక్కణ్ణుంచి వచ్చిందనేది ముఖ్యం. అవన్నీ అంటు తీగలు. ఫిలాక్సెరా అనే వేరు పురుగు తట్టుకోవడానికి కింద అమెరికా జాతి వేరు, పైన వైన్ ద్రాక్ష. అంటు పైనుంచి చిగురిస్తే తీగ బతికినట్టు. కింది నుంచి చిగురిస్తే అడవి ద్రాక్షే మిగిలినట్టు, దాన్ని మళ్లీ అంటు కట్టాలి, లేదా తీసేయాలి. ఈ లోపల బతికున్న తీగకి నీళ్లు అందాలంటే మొట్టమొదట డ్రిప్ పైపులు కావాలి. మీ మొదటి విడత డబ్బు దేనికని వాళ్లు అడిగితే, మొహమాటం లేకుండా "డ్రిప్ పైపులకి" అనండి. కొత్త మొక్కలు కావాలంటే నర్సరీకి ఏడాది ముందే ఆర్డరు ఇవ్వాలి, అడ్వాన్సు కట్టాలి. రెండో విడత దానికి సరిపోతుంది.

పళ్ల సంగతి ఇంకా చిక్కు. నా పదమూడేళ్ల ఉద్యోగంలో నాకు నిద్రపట్టనివ్వనిది ఇదే.

2017లో మంటలు అక్టోబరులో వచ్చాయి, అప్పటికి దాదాపు 90 శాతం పళ్లు కోసేశారు. 2020లో ఆగస్టు 17 నుంచి పిడుగుల వల్ల మంటలు మొదలయ్యాయి, పళ్లన్నీ తీగల మీదే ఉన్నాయి. సెప్టెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆకాశం పొద్దున్నే నారింజ రంగులో ఉంది, పదింటికి కూడా లైట్లు వేసుకుని పనిచేశాం. సెప్టెంబరు 27న గ్లాస్ ఫైర్ అనే మంట నాపాలో అంటుకుంది, 67 వేల ఎకరాలు, 1,500కు పైగా కట్టడాలు. మంట తాకని తోటలు కూడా ఆ ఏడాది పంట పోగొట్టుకున్నాయి, పొగ వల్ల.

చెక్క కాలినప్పుడు అందులోని లిగ్నిన్ నుంచి గ్వాయకాల్ లాంటి పదార్థాలు పొగలో కలుస్తాయి. పండు రంగు తిరిగిన దగ్గర్నుంచి కోత దాకా ఆ పొగ తొక్కలోకి ఇంకిపోతుంది. నీళ్లతో కడిగితే బూడిద పోతుంది, ఇది పోదు. లోపలికెళ్లాక పండులోని చక్కెర దాన్ని పట్టి కట్టేస్తుంది. పండు తింటే ఏమీ తెలియదు. రసం తాగినా పెద్దగా తెలియదు. పులిసేటప్పుడు ఆ కట్టు కొంత విడిపోతుంది, సీసాలో మెల్లగా మరికొంత విడిపోతుంది, చివరికి తాగేవాడి నోట్లో లాలాజలం తగిలి ఇంకొంత. కట్టెల పొయ్యి మీద పొగచూరిన పాలు చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి, కాఫీ కలిపి గుక్క వేశాక గొంతు వెనక తగులుతుంది చూశారా, అలాగ. రుచి చూసేవాళ్లు బూడిద గిన్నె నాకినట్టుంది అంటారు. తమాషా ఏంటంటే, కాల్చిన ఓక్ పీపాలో పెట్టిన మంచి వైన్‌లో కూడా గ్వాయకాల్ కొద్దిగా ఉంటుంది. కొద్దిగా ఉంటే సువాసన, ఎక్కువైతే బూడిద.

ఎర్ర వైన్‌ని తొక్కతో కలిపి పులియబెడతారు కాబట్టి దెబ్బ దానికే ఎక్కువ. తెల్ల ద్రాక్షని సుతారంగా పిండి తొక్క పక్కన పెట్టేస్తే చాలావరకు బయటపడొచ్చు. ఎర్ర ద్రాక్షనే అలా పిండి "రోజే" అనే గులాబీ రంగు వైన్ చేసినవాళ్లున్నారు. 2020లో టెస్టింగ్ ల్యాబులకి శాంపిళ్లు వెల్లువెత్తి, రిపోర్టు రావడానికి నెల పైన పట్టింది. పళ్లు నెల ఆగవు కదా. మేం ఒక్కో తోట నుంచి కొన్ని గుత్తులు తెచ్చి బకెట్లో పులియబెట్టి, వారం రోజుల్లో ముక్కుతో, నాలుకతో తేల్చాం. నలభై బకెట్లు. ఇంటికెళ్తే అన్నం కూడా బూడిదలా అనిపించేది.

మీ చెల్లెలి దగ్గర పొగ తగిలిన పళ్లున్నా, అప్పటికే చేసిన వైన్ ఉన్నా, "పారబోసేయండి" అనీ చెప్పకండి, "ఏం కాదులే అమ్మేయండి" అనీ చెప్పకండి. పారబోసే ముందు ల్యాబ్ రిపోర్టు, ఫొటోలు, తూకం చీటీలు ఉండాలి, లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు. ఉత్తేజిత బొగ్గుతో, రివర్స్ ఆస్మాసిస్‌తో కొంత పొగ తీయొచ్చు, దానితోపాటు వైన్ గుణమూ కొంత పోతుంది. బాగా పాడైనదాన్ని బట్టీ పెట్టి స్పిరిట్ తీసినవాళ్లున్నారు. 2020 నాపా పొగ వైన్ నుంచి హ్యాంగర్ వన్ అనే డిస్టిలరీ వోడ్కా తీసి అమ్మింది. మన ఇప్పసారా వాళ్లకి ఈ తెలివి ఎప్పటి నుంచో ఉంది, చెడిపోయిందేదైనా బట్టీకే. ఒక్క మంచి మాట: ఈ పొగ వచ్చే ఏటి కాపులోకి రాదు. తీగ బతికుంటే మరుసటి ఏడు పండు శుభ్రంగా వస్తుంది. ఆ అమ్మాయి మామగారికి ఇది తెలిసే ఉంటుంది. కొనేవాళ్లకి తెలియదు, వాళ్లకి మీరు చెప్పొచ్చు.

ఇక కొనడం. మీరు చేయగలిగిన అతి పెద్ద సాయం ఇదే, కానీ గుణుపురంలో ఉండి కాదు. వైన్ మనం తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకమే 150 శాతం. ఎవరైనా వస్తూ తెస్తే మనిషికి రెండు లీటర్లు, అంటే రెండు మామూలు సీసాలు, మహా అయితే. దాంతో వాళ్లకి ఒరిగేదేం లేదు. మీ చుట్టాలు, క్లాస్‌మేట్లు, వాళ్ల స్నేహితులు అమెరికాలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. మన వంశధార ఒడ్డు ఊళ్ల నుంచే బోలెడుమంది ఉంటారు.

అలాంటి చిన్న వైనరీలు దుకాణాలకి సరుకు వేసి బతకవు. దుకాణంలో అమ్మే సీసా ధరలో డిస్ట్రిబ్యూటరు, కొట్టువాడు తీసుకోగా వీళ్లకి దక్కేది సుమారు సగం. నేరుగా అమ్మితే మొత్తం వాళ్లదే. అందుకే వాళ్ల బతుకంతా రెండింటి మీద: తోటకి వచ్చి రుచి చూసి కొనేవాళ్లు, వైన్ క్లబ్. క్లబ్ అంటే మన ఊళ్లో పాలకి, పేపరుకి నెల ఖాతా పెట్టుకున్నట్టు. ఏడాదికి రెండు మూడుసార్లు వాళ్లే ఎంపిక చేసి ఆరేసి సీసాలు పంపుతారు, కార్డు మీద డబ్బు పడుతుంది. లెక్క వేద్దాం. సీసా 60 డాలర్లు అనుకోండి, ఏడాదికి రెండుసార్లు ఆరేసి సీసాలు, 720 డాలర్లు. పన్నెండు కుటుంబాలు చేరితే 8,640 డాలర్లు. మీరు పోగు చేసిన మొత్తం సుమారు నాలుగు వేల డాలర్లు. పన్నెండు కుటుంబాలు ఒక్క ఏడాదిలో దానికి రెట్టింపు ఇస్తాయి, మరుసటి ఏడూ ఇస్తాయి. పైగా అది దానం కాదు, అమ్మకం. ఆ మామగారు తలెత్తుకుని తీసుకుంటారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, నేను 2017లో చూసి నేర్చుకున్నాను. మంట వార్త రాగానే జాలిపడి జనం ఒక్కసారిగా కొనేస్తారు. వైనరీవాళ్లు సంతోషిస్తారు. కానీ గోడౌను కాలిందంటే మిగిలిన సరుకు తక్కువ. ఈ ఏటి పంట పోతే, రెండేళ్ల తర్వాత అమ్మాల్సిన సరుకు కూడా లేనట్టే. ఉన్న సీసాలనే రెండు మూడేళ్లకి సాగదీయాలి. అన్నీ ఇప్పుడే పోతే ఆ ఖాళీ ఏడాదిలో క్లబ్ వాళ్లకి పంపడానికి ఏమీ ఉండదు, వాళ్లు మానేస్తారు, మళ్లీ రారు. మా మామయ్య తిత్లీ తర్వాత మిగిలిన మూడెకరాల పిక్కల్ని మొదటి సీజన్లోనే పలాస వ్యాపారికి వచ్చిన ధరకి 80 కిలోల బస్తాల లెక్కన మొత్తం తోలేశాడు. రెండు నెలలు ఆగి ఉంటే నయంగా ఉండేది, కానీ చేతిలో డబ్బు లేనివాడు ఎలా ఆగుతాడు? అందుకని మీవాళ్లకి చెప్పండి: ఒకేసారి ఐదు కేసులు (కేసంటే పన్నెండు సీసాల పెట్టె) కొనొద్దు, క్లబ్‌లో చేరి మూడేళ్లు ఉండండి. డబ్బు ఎక్కువగా ఇవ్వగలిగినవాళ్లు పీపాలో ఉన్న వైన్‌కి ఇప్పుడే అడ్వాన్సు కట్టి, సీసాల్లోకి వచ్చాక తీసుకోవచ్చు. కొన్ని వైనరీలు అలా అమ్ముతాయి, లేకపోతే అడిగితే ఒప్పుకుంటాయి. ఏ సరుకు అమ్మాలనుకుంటున్నారో, ఏది దాచుకోవాలనుకుంటున్నారో వాళ్లనే చెప్పమనండి.

డిస్కౌంట్ అడగొద్దు. మనవాళ్లకి ఇది కష్టమే, చుట్టరికం ఉంటే మరీ. "మనవాళ్లదే కదా, ఓ రెండు సీసాలు ఊరికే పంపు" అనేవాళ్లని ఆ గ్రూపులో చేర్చకండి. ఇంకో సంగతి, పార్సిల్ తీసుకునేటప్పుడు 21 ఏళ్లు దాటినవాళ్లు సంతకం పెట్టాలి. ఇంట్లో ఎవరూ లేక పార్సిల్ తిరిగి వెళ్లిపోతే ఆ ఖర్చు వైనరీకే. ఆఫీసు అడ్రసు ఇవ్వడం మేలు. యూటా లాంటి ఒకటి రెండు రాష్ట్రాలకి పంపడం కుదరదు. నడి వేసవిలో ఎండకి సీసాలు పాడవుతాయని పంపరు. ఇంట్లో తాగే అలవాటు లేనివాళ్లు క్రిస్మస్‌కి ఆఫీసులో ఇచ్చే బహుమతులకి కొనొచ్చు, అక్కడ అది మామూలే.

2018లో కాలిఫోర్నియా పక్క రాష్ట్రం ఆరిగాన్‌లో జరిగింది చెబుతాను, ఇది కొనడం అంటే ఏంటో చూపిస్తుంది. రోగ్ వ్యాలీ రైతుల పళ్లకి పొగ తగిలిందని, కాలిఫోర్నియా కంపెనీ ఒకటి కోతకి కొద్దిరోజుల ముందు ఒప్పందం రద్దు చేసుకుంది. సుమారు 2 వేల టన్నులు. రైతుల పళ్లు తీగల మీదే ఉండిపోయాయి. అక్కడి వైనరీలు కొన్ని కలిసి ఆ పళ్లలో కొంత కొని, పరీక్ష చేయించి, ఆరిగాన్ సాలిడారిటీ అనే పేరుతో వైన్ చేసి అమ్మాయి. జనం కొన్నారు. చందా పుస్తకం పట్టుకుని తిరగలేదు ఎవరూ.

నాలుగో నష్టం, జనం రాకపోవడం. 2017లో నాపా, సోనోమాల్లో చాలా వైనరీలకి ఏమీ కాలేదు, కానీ టీవీలో మంటలు చూసి యాత్రికులు రావడం మానేశారు. బాగా ఉన్న వైనరీలు కూడా ఖాళీగా కూర్చున్నాయి. అందుకని మీ వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో కాలిన తోట ఫొటోలు తిప్పకండి. తిత్లీ అప్పుడు పర్లాకిమిడి రోడ్ల ఫొటోలు ఏడాది తర్వాత కూడా తిరిగాయి, బయటివాళ్లు ఇంకా అలాగే ఉందనుకున్నారు. చిగురు వచ్చినప్పుడు ఆ ఫొటో పెట్టండి. అమెరికాలో ఉన్నవాళ్లు వెళ్లాలనుకుంటే ఇప్పుడు కాదు, జనవరి నుంచి మార్చి మధ్యలో వెళ్లమనండి. మామూలు ఏడాదిలోనే అప్పుడు జనం తక్కువ.

డబ్బు పంపే దారి త్వరగా చెప్పేస్తాను. ఇక్కణ్ణుంచి విదేశానికి బహుమతిగా పంపొచ్చు, ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా. బ్యాంకులో ఏ2 ఫారం, పాన్ కావాలి. పది లక్షల లోపు కాబట్టి టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పడదు. కానీ ఎవరి పేరు మీద పంపాలో చూసుకోండి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పిన్ని కూతురికి మీరు "బంధువు" కారు! మన చుట్టరికాలు దానికి తెలియవు. బంధువు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50 వేలు దాటి వెళ్తే ఆ అమ్మాయికి ఇక్కడ పన్ను లెక్క వస్తుంది. అదే కన్నతల్లి పంపినా, అమ్మ అక్కచెల్లెళ్లు పంపినా ఆ బాధ లేదు. కాబట్టి మీరు మీ అమ్మగారికి ఇవ్వండి, మీ అమ్మగారు తన ఖాతా నుంచి పంపాలి. మీ పిన్నికి ఇద్దామంటే అదీ చిక్కే, అక్క కొడుకు కూడా చట్టం లెక్కలో పిన్నికి బంధువు కాడు. డబ్బు వైనరీ కంపెనీకి కాకుండా అమ్మాయి సొంత ఖాతాకి వెళ్లాలి. వెళ్లే ముందు మీ ఆడిటర్‌కి ఒకసారి చూపించండి.

డబ్బు కన్నా వాళ్లకి ఇప్పుడు కరువైంది ఇంకోటి ఉంది, సమయం. మంట తర్వాత చిన్న వైనరీకి వచ్చే పేపర్ల పని చూస్తే మతిపోతుంది. ఇన్సూరెన్స్‌కి ప్రతి పీపా, ప్రతి కేసు, ప్రతి పంపు మోటారు జాబితా ఇవ్వాలి, కొన్న తేదీ, ధర, రసీదుతో. నాకు తెలిసిన ఒక ముసలాయన కాలిన గోడౌనులో ఏమేం ఉన్నాయో గుర్తు తెచ్చుకోలేక, సగమే రాసి ఇచ్చేశాడు. ఇన్సూరెన్స్ కంపెనీ ఆ సగానికే ఇచ్చింది, అదీ సీసా అమ్మకం ధరకి కాదు, తయారీ ఖర్చుకి. పాలసీలో ఏ ధర రాసుందో ముందే చూసుకోవాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మీరు అకౌంట్స్ పని చేస్తారని ప్రొఫైల్‌లో ఉంది. వాళ్లకి రాత్రి అయ్యేసరికి మనకి తెల్లారుతుంది, పన్నెండున్నర గంటల తేడా, చలికాలంలో పదమూడున్నర. పాత ఇన్వాయిస్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్లోని పాత ఫొటోలు మీకు పంపమనండి. గోడౌను లోపల దిగిన పుట్టినరోజు ఫొటోలో వెనక ఉన్న పీపాలు కూడా సాక్ష్యమే. వాళ్లు నిద్రపోయి లేచేసరికి మీరు ఎక్సెల్ షీట్ తయారు చేసి పెట్టొచ్చు. క్లబ్ సభ్యులకి రాయాల్సిన జవాబులు, రద్దయిన బుకింగుల డబ్బు వాపసు లెక్క, ఇవన్నీ ఇక్కణ్ణుంచే అవుతాయి. పాస్‌వర్డులు మాత్రం తీసుకోకండి, షీటు వరకే ఉండండి. ఇది పనివాణ్ణి పెట్టి చేయించుకుంటే అక్కడ గంటకి ఎంతవుతుందో మీ చెల్లెలినే అడగండి.

ఆ ఇద్దరు పనివాళ్ల గురించి కూడా అడగండి. అక్కడి తోటల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. మన గంజాం కుర్రాళ్లు సూరత్ మగ్గాలకి వెళ్లినట్టే వచ్చినవాళ్లు. కొందరికి కాగితాలు ఉండవు, ప్రభుత్వ సాయం అందదు. 2017లో సోనోమాలో అలాంటివాళ్ల కోసం అన్‌డాక్యుఫండ్ అని ఒక నిధి పెట్టారు, చాలా కుటుంబాలకి ఆసరా అయింది. తోట కాలాక యజమానికి ఇన్సూరెన్స్ ఉంటుంది, కూలీకి ఆ వారం కూలి కూడా ఉండదు. పైగా అనుభవం ఉన్న ఆ ఇద్దరూ వెళ్లిపోతే వచ్చే వసంతంలో కత్తిరింపు ఎవరు చేస్తారు? అంటు పైన చిగురో కింద చిగురో గుర్తుపట్టే చెయ్యి కావాలి కదా. మీ మొదటి విడతలో వాళ్ల జీతానికి కొంత తీయమని చెబితే మామగారు కాదనరు.

తీగ దత్తత తీసుకోండి, పేరుతో బోర్డు పెడతాం అనే పథకాలు చూశాను. నాకు అంత నచ్చవు. బోర్డులు రాయడం, ఫొటోలు పంపడం, ఆ తీగ ఎలా ఉందని అడిగినవాళ్లకి జవాబివ్వడం, వాళ్లకి ఉన్న పని చాలక ఇంకో పని. స్వెట్టర్లు పంపకండి. దుప్పట్లు పంపకండి. పచ్చళ్లు పంపితే మాత్రం ఎవరూ వద్దనరు, నాకు 2020లో మా అక్క పంపిన కొత్తావకాయ ఆ బూడిద రుచి పోగొట్టింది.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాలుగు అడగండి: చిగురు కోసం ఆగుతున్న వరసలు ఎన్ని, డ్రిప్ పైపు ఎన్ని మీటర్లు కావాలి, అమ్మకానికి మిగిలిన కేసులు ఎన్ని, పాలసీలో సరుకుకి ఏ ధర రాసుంది. జవాబులు ఇక్కడే కింద రాయండి, చూసి చెబుతాను. బుధవారం నేను మామయ్యతో పలాస వెళ్తున్నాను, ఈ ఏడు పిక్కలు బాగానే వచ్చాయి. గురువారం నుంచి అందుబాటులో ఉంటాను.